గుండ్లకమ్మ జలాశయంలో నీటిపక్షులను ఎక్కడ నిలబడి చూడాలి? ఒంగోలు, నెల్లూరు పరిసరాల వారి సలహాలు కావాలి

మల్లెతోట (ఒంగోలు)

సభ్యులందరికీ నమస్కారం. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి వలస పక్షుల పాఠం విన్నప్పటి నుంచి వాటిని కళ్ళారా చూడాలన్న పట్టుదల కలిగింది. నేలపట్టు, పులికాట్ గురించి అందరూ చెబుతారు గాని, ఒంగోలు నుంచి అక్కడికి వెళ్ళి రావడానికి ఒక రోజు సరిపోదు. దగ్గరలో నీరు నిలిచే చోటు ఉండగా అంత దూరం ఎందుకని, గత ఆదివారం మద్దిపాడు మీదుగా మల్లవరం వెళ్ళి, గుండ్లకమ్మ జలాశయం కట్ట మీద మధ్యాహ్నం మూడు గంటల నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాము. ఎదురెండ కళ్ళలో పడుతూ ఉంది. నీటి మధ్యలో నల్లటి చుక్కలు కనిపించాయి గాని, అవి పక్షులో, వలలకు కట్టిన బెండ్లో కూడా తెలియలేదు. తీగ మీద కూర్చున్న ఒక లకుముకి పిట్టను, గేట్ల దిగువన నాలుగు తెల్లకొంగలను చూసి తిరిగి వచ్చాము. అమ్మాయి దారి పొడుగునా మాట్లాడలేదు.

ఈ జలాశయంలో పక్షులు నిజంగానే లేవా, లేక మేము తప్పు చోట నిలబడ్డామా? ఏ వేళకు వెళ్ళాలి, ఎలాంటి బైనాక్యులర్ కొనాలి అన్న సంగతులు తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

మల్లెతోట గారికి, మీరు తప్పు చోట, తప్పు వేళలో నిలబడ్డారు. పక్షులు తప్పకుండా ఉన్నాయి.

మన రెండు జిల్లాల్లో నదులన్నీ పడమటి కొండల నుంచి తూర్పున సముద్రం వైపు పారుతాయి కాబట్టి, పెన్న మీదైనా, మన్నేరు మీదైనా, గుండ్లకమ్మ మీదైనా కట్ట ఇంచుమించు నీటికి తూర్పు వైపునే ఉంటుంది. అందువల్ల కట్ట మీద నిలబడి నీటిని చూసేవారికి ఉదయం సూర్యుడు వెనక ఉండి పక్షుల రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎదురెండలో ప్రతి పక్షీ నల్లటి బొమ్మగా మారిపోతుంది. సాయంత్రమే వీలయితే జలాశయం పడమటి చివరకు వెళ్ళి తూర్పు ముఖంగా చూడాలి.

ఇక రెండవ సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. కట్ట దగ్గరే నీరు అన్నిటికంటే లోతుగా ఉంటుంది. అక్కడ ఈదేవీ మునిగేవీ, అంటే నీటికాకులు, గూడబాతులు (పెలికాన్లు), మునుగుడు కోళ్ళు మాత్రమే బతకగలవు. కొంగలకు కాళ్ళు మునిగేంత నీరు చాలు, ఉల్లంకి పిట్టలకు ఒండ్రు మీద పల్చటి తడి చాలు, తల ముంచి మేసే బాతులకు మూరెడు లోతు చాలు. ఈ మూడూ దొరికేది వాగు వచ్చి జలాశయంలో కలిసే చోట, ముంపు అంచున. కాబట్టి కట్టను వదిలిపెట్టి నీటి తోకను వెతకండి.

బైనాక్యులర్ విషయానికి వస్తే, 8×42 అన్నది తీసుకోండి. మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది, రెండవది ముందరి అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పిల్లల చేతిలో పది రెట్లది వణుకుతుంది, ఎనిమిది రెట్లది నిలుస్తుంది.

కంభం కట్ట

పెన్నా ఒడ్డు గారు చెప్పిన తోక మాట అక్షరాలా నిజమని మా చెరువు దగ్గర ప్రతి ఏడాదీ చూస్తున్నాను. మా కంభం చెరువూ మీ మల్లవరం జలాశయమూ ఒకే నది బిడ్డలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేయించి విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ ఈ చెరువును నిర్మింపజేసిందని చెబుతారు. 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. చూడవచ్చినవారందరూ కట్ట మీదనే ఆగి ఫోటోలు తీసుకొని వెళ్ళిపోతారు. పక్షులు మాత్రం అక్కడి నుంచి కిలోమీటర్ల దూరంలో, నీరు పల్చబడి తుంగ, జమ్ము మొలిచిన చోట ఉంటాయి.

ఆ చోటును ఇంటి నుంచే కనిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. గూగుల్ ఎర్త్‌లో జలాశయాన్ని తెరిచి, పాత సంవత్సరాల చిత్రాలను ఒకదాని తరువాత ఒకటి చూడండి. ఒక ఏడాది నీటితోనూ మరొక ఏడాది పచ్చికతోనూ కనిపించే నేల ఏదైతే ఉందో, అదే లోతులేని మేత నేల. దాని దగ్గరికి వెళ్ళే బండి బాట కూడా ఆ చిత్రంలోనే కనిపిస్తుంది. నేను మూడు కొత్త చెరువులను ఇలాగే వెతుక్కున్నాను.

బుచ్చి రైతు

నెల్లూరు వైపు వచ్చేవారికి ఒక హెచ్చరిక. మా బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి జలాశయం పేరు కనిగిరి రిజర్వాయరు. దానికీ కనిగిరి పట్టణానికీ సంబంధం లేదు. పేరు నమ్మి ఫోనులో దారి పెట్టుకుని అక్కడికి వెళ్ళిపోయిన దూరపు చుట్టం ఒకరు మాకున్నారు. సంగం వద్ద పెన్న నుంచి మళ్ళించిన నీటితో నిండే ఈ రిజర్వాయరు చుట్టూ వరి మడులు ఉన్నందువల్ల, మా దగ్గర పక్షులు నీటిలో కంటే పొలాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

దమ్ము చేసిన రోజున ట్రాక్టరు వెనక వచ్చే గుల్లకొంగలను మీ అమ్మాయికి తప్పక చూపించండి. వాటి ముక్కు మూసుకున్నా నడుమ సందు మిగిలే ఉంటుంది. ఆ ముక్కుతోనే అవి నత్తను పట్టి, గుల్ల నుంచి మాంసాన్ని లాగి తింటాయి. వరి నారును కొరికే నత్తలను ఏరివేస్తాయి కాబట్టి మా ఇంట్లో వాటిని ఎవరూ తోలరు. అయితే చూడవచ్చినవారు నారు వేసిన మడుల గట్ల మీద నడవవద్దని వేడుకుంటున్నాను. తడి గట్టు ఒక్క అడుగుకే తెగుతుంది, రాత్రికి రాత్రే మడిలో నీరు పోతుంది. రైతును అడిగితే ఎటు నడవాలో ఆయనే చూపిస్తాడు.

వెలికొండ నీడ (రాపూరు)

మా వైపు పెద్ద జలాశయాలు రెండున్నాయి. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, చెన్నైకి తాగునీరు పంపే కండలేరు సామర్థ్యం 68 టీఎంసీలు. మల్లవరంలోని గుండ్లకమ్మ జలాశయానికి నాలుగు టీఎంసీల సామర్థ్యం కూడా లేదు. ఇంత తేడా చూసి, పెద్ద నీటిలో ఎక్కువ పక్షులు ఉంటాయని చాలామంది మా దగ్గరికి వస్తారు. నా అనుభవంలో అది నిజం కాదు. కండలేరు కట్ట మీద ఒక పూటంతా గడిపి, నీటికాకులను, ఒక కొరమీను గద్దను మాత్రమే చూసిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. ఆ గద్ద కాళ్ళు ముందుకు చాచి నీటిలోకి దూకి చేపను పట్టుకొని లేచే దృశ్యం కోసం నేను మళ్ళీ మళ్ళీ వెళతాను గాని, కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఒకేచోట ఇరవై రకాలు చూపించే చిన్న జలాశయమే మేలు. మల్లెతోట గారు గుండ్లకమ్మను వదలనవసరం లేదు.

మల్లెతోట (ఒంగోలు)

ఇంత శ్రద్ధగా జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు అమ్మాయికి చదివి వినిపించాను. వెంటనే వెళదామంటోంది. ఇప్పుడే వెళ్ళడం మంచిదా, లేక ఫిబ్రవరి దాకా ఆగాలా?

కంభం కట్ట

ఆగండి. మన ప్రాంతానికి అసలైన వర్షాలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి, డిసెంబరులో జలాశయాలు నిండుగా ఉంటాయి, పల్చటి నీరు తక్కువ. ఫిబ్రవరికి నీరు వెనక్కి తగ్గి ఒండ్రు బయటపడుతుంది. కొంగలు, ఉల్లంకులు గుంపులుగా దిగేది అప్పుడే.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

కంభం కట్ట గారితో ఇక్కడ నేను ఏకీభవించలేను. ఫిబ్రవరి ముగిసేసరికి ఉత్తరాది బాతులు తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి. సూదితోక బాతులను చూడాలంటే సంక్రాంతి ముందు వెనకలే సరైన సమయం. పైగా నెలను చూసి నిర్ణయించడం కంటే నీటి మట్టాన్ని చూసి నిర్ణయించడం మంచిది. గుండ్లకమ్మనే తీసుకోండి. 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తరువాత మరొక గేటు కొట్టుకుపోయి ఎంతో నీరు సముద్రం పాలైంది. అలాంటి ఏడాది డిసెంబరులోనే ఫిబ్రవరి నాటి ఒండ్రు తేలుతుంది. రైతుకు అది తీరని నష్టం, అందులో సంతోషించవలసింది ఏమీ లేదు. నీరు ఎప్పుడు ఎంత ఉంటుందో క్యాలెండరు చెప్పలేదని గుర్తుచేయడానికే ఈ మాట అన్నాను. రాష్ట్ర జలవనరుల సమాచార వెబ్‌సైటులో ప్రతి జలాశయం నిల్వ రోజువారీగా కనిపిస్తుంది. బయలుదేరే ముందు రాత్రి దానిని చూడండి.

కంభం కట్ట

నీటి మట్టం మాటను ఒప్పుకుంటున్నాను. అయితే పిల్లలతో వెళుతున్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. కొత్తగా తేలిన ఒండ్రు పైకి ఎండినట్టు పగుళ్ళతో కనిపించినా, లోపల నల్లరేగడి మోకాలి దాకా దిగబడుతుంది. పశువుల డెక్కల జాడలున్న చోటనే నడవండి. డెక్క లోతుగా దిగి ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క నియమాన్ని గుర్తుచేస్తున్నాము. గూళ్ళు ఉన్న చెట్ల ఖచ్చితమైన స్థలాలను ఇక్కడ రాయవద్దు. గుడ్ల, పిల్లల దగ్గరి ఫోటోలు పెట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుడ్లను, గూళ్ళను పాడుచేయడం కూడా నేరమే.

మల్లెతోట (ఒంగోలు)

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి వచ్చాము. ఆలస్యమైనా వివరంగా రాయాలనిపించింది.

చీకటితోనే ఒంగోలులో బయలుదేరి, కట్ట మీదికి ఎక్కకుండా, గూగుల్ ఎర్త్‌లో చూసుకున్న బండి బాటలో ఎగువకు వెళ్ళాము. సర్కారు తుమ్మల నడుమ బండి ఆపి పావు కిలోమీటరు నడిచేసరికి తెల్లవారుతోంది. మంచు విడలేదు. నీరు కనిపించలేదు గాని చప్పుడు వినిపించింది. సన్నటి ఈలల వంటి చప్పుడు, నీటి మీద పరిగెత్తే కాళ్ళ చప్పుడు, తీతువు అరుపు. తీతువు అరిస్తే అశుభమని మా అమ్మ అనేది. మేము దాని చోటులోకి వచ్చాము కాబట్టి అది తోటి పక్షులను హెచ్చరిస్తోందని మా అమ్మాయి చెప్పింది. అది విని ఇద్దరమూ తుమ్మ నీడలో కూర్చుండిపోయాము. పది నిమిషాలకు తీతువు ఊరుకుంది.

ఆరున్నర దాటాక మంచు పలచబడి, నీటి అంచు మెల్లగా బయటపడింది. ఒండ్రు మీద ఎర్రటి సన్నకాళ్ళతో, నల్లటి రెక్కలతో, కొలిచి అడుగు వేస్తున్నట్టు నడిచే పిట్టలు ముప్పైకి పైగా ఉన్నాయి. జమ్ములో నుంచి నీలి బొల్లికోడి ఒకటి బయటికి వచ్చి, ఒక దుబ్బును కాలితో పట్టి చేతితో తిన్నట్టు తిన్నది. ఎండ నీటి మీదికి పడేసరికి తెల్లటి నుదుటి బొల్లికోళ్ళ గుంపు కనిపించింది. ఇందాక పరిగెత్తిన చప్పుడు వాటిదే. నీటికాకులు మోడు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. అవి అలా ఎందుకు నిలబడతాయని అమ్మాయి అడిగితే నేను చెప్పలేకపోయాను.

ఎనిమిది గంటలకు గూడబాతులు వచ్చాయి. పదకొండు. అవి అర్ధచంద్రాకారంలో వరుసకట్టి, చేపలను ఒడ్డు వైపు తరుముకుంటూ, అన్నీ ఒకేసారి ముక్కులు ముంచాయి. అమ్మాయి బైనాక్యులర్ దించలేదు. నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఒక సందేహం మిగిలింది. తిరిగి వస్తుండగా మా తల మీదుగా పెద్ద తెల్లటి పక్షులు ఎనిమిది వెళ్ళాయి. రెక్కల అంచులు నల్లగా ఉన్నాయి. కొన్ని కొంగలు మెడ మడిచి, కొన్ని మెడ చాచి ఎగురుతాయని ఎక్కడో చదివాను. ఇవి మెడ చాచే ఎగిరాయి. వీటిని ఏమనాలి?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

మీ వర్ణన చదివి నా కళ్ళు చెమర్చాయి. పదకొండు గూడబాతులను వేటలో చూడడం అదృష్టం.

మీ సందేహం మన భాషలో నుంచే పుడుతోంది. తెల్లకొంగ, గుడ్డికొంగ, గుల్లకొంగ, ఎర్రకాళ్ళ కొంగ అని మనం అన్నిటినీ కొంగలనే అంటాము గాని, వాటిలో రెండు వేరు వేరు కుటుంబాలు ఉన్నాయి. తెల్లకొంగ, గుడ్డికొంగ, నారాయణ పక్షి ఒక కుటుంబం. ఇవి ఎగిరేటప్పుడు మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుంటాయి. గుల్లకొంగ, ఎర్రకాళ్ళ కొంగ మరొక కుటుంబం. ఇవి మెడను ముందుకు, కాళ్ళను వెనక్కు చాచి ఎగురుతాయి. గూడబాతు కూడా మెడను వెనక్కు లాక్కునే ఎగురుతుంది గాని, దాని కాళ్ళు పొట్టివి కాబట్టి తోక దాటి కనిపించవు. మీరు చూసినవి మెడ చాచాయి, రెక్కల అంచులు నల్లన, ఒళ్ళు తెల్లన అన్నారు కాబట్టి గుల్లకొంగలే కావచ్చు. రొమ్ము మీద నల్లటి పట్టీ, తోక దగ్గర గులాబి రంగు కనిపించి ఉంటే ఎర్రకాళ్ళ కొంగలు. అమ్మాయిని అడిగి చెప్పండి.

ఇక నీటికాకి సంగతి. బాతు ఈకల మీద నీరు నిలవదు. నీటికాకి ఈకల పైభాగం నీటిని పీల్చుకుంటుంది. ఈకల మధ్య గాలి తగ్గి ఒళ్ళు బరువెక్కడం వల్ల లోతుకు మునగడం సులువవుతుంది. అందుకే వేట ముగిశాక రెక్కలను ఆరబెట్టుకోక తప్పదు.

పుట్టి (మల్లవరం వైపు)

మా ఇంటివాళ్ళు ఈ జలాశయంలోనే చేపలు పడతారు, నేను ఒంగోలులో చదువుకుంటున్నాను. గూడబాతులు దిగిన చోట చేప ఉందని మా నాన్న పుట్టిని అటు తిప్పుతారు. అవి మా చేపలు తింటాయని కోపగించుకునేవారూ ఉన్నారు, కాని చేప ఉన్న చోటును మాకు చూపించేవి కూడా అవే కదా. ఒక విషయం మాత్రం నన్ను బాధిస్తుంది. చిరిగిన నైలాను వలలను నీటి అంచునే వదిలేయడం వల్ల, కిందటి ఏడాది వేసవిలో రెండు మునుగుడు కోళ్ళు కాళ్ళు చిక్కి చచ్చిపోయి కనిపించాయి. అప్పటి నుంచి పాత వలలను ఇంటికి తెచ్చి తగలబెట్టకుండా గోతిలో పూడ్చిపెడుతున్నాము. చూడవచ్చేవారికి నా మనవి ఏమిటంటే, మేము తెల్లవారుజామున వలలు తీసే వేళకు ఒడ్డుకు వస్తే, ముందు మమ్మల్ని ఒక మాట పలకరించండి. ఏ మూల నీరు తగ్గింది, ఎక్కడ పక్షి వాలింది అనేది మాకు ఆ రోజు తెలిసినంతగా ఏ ఫోనూ చెప్పలేదు. అలాగే మార్చి దాటాక నీటి మధ్య తేలే ఇసుక మిట్టల మీదికి, ఎండిన పడకలోకి మోటారు సైకిళ్ళు తీసుకురావద్దు. తీతువులు, రేవు పిట్టలు గూడు కట్టకుండా నేల మీదే గుడ్లు పెడతాయి. రాళ్ళలో కలిసిపోయి అవి కనిపించవు.

మల్లెతోట (ఒంగోలు)

పుట్టి గారూ, ఆ రోజు ఒడ్డున టీ తాగమని పిలిచి, ఎగువ మూలకు దారి చూపించిన పెద్దాయన మీ బంధువే అయి ఉంటే మా నమస్కారాలు చెప్పండి. ఆయన చూపించకపోతే మేము ఆ ఒండ్రులో దిగబడి ఉండేవాళ్ళము.

పెన్నా ఒడ్డు గారికి, అమ్మాయి తన పుస్తకంలో వేసుకున్న బొమ్మను చూశాను. రొమ్ము మీద పట్టీ గీయలేదు, తోక దగ్గర గులాబి రంగు వేయలేదు. అయితే గుల్లకొంగలే.

వెలికొండ నీడ (రాపూరు)

ఆ బొమ్మ పుస్తకాన్ని జాగ్రత్తగా ఉంచండి. తేదీ, వేళ, చోటు, రకం, సంఖ్య రాసే అలవాటు ఇప్పుడే చేయించండి. ఆసియా ఖండమంతటా 1987 నుంచి ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. మన చిన్న చెరువులను, జలాశయాలను లెక్కించడానికి మనుషులు చాలరు. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో ఒక జాబితా వేసినా అది ఆ చోటుకు ఒక రికార్డుగా నిలుస్తుంది. లెక్క తెలియని గుంపును ఊహించి రాయకండి. ముందు పదింటిని లెక్కించి, ఆ పది ఎంత మేర పట్టిందో చూసుకుని, గుంపంతటినీ ఆ కొలతతో కొలవండి.

మల్లెతోట (ఒంగోలు)

జనవరి చివరి ఆదివారం మళ్ళీ వెళుతున్నాము. ఈసారి అమ్మాయి స్నేహితురాళ్ళు ఇద్దరు, వారి తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. నీటి నిల్వను శనివారం రాత్రి చూసి, ఏ మూలకు వెళ్ళేదీ ఇక్కడ రాస్తాను. దగ్గరలో ఉన్నవారు రాదలచుకుంటే ఉదయం అయిదున్నరకు మద్దిపాడు కూడలిలో కలుసుకుందాము. ముదురు రంగు బట్టలు వేసుకుని రండి, నీళ్ళు, టిఫిను తెచ్చుకోండి. లెక్క రాసే పని పిల్లలది.

పుట్టి (మల్లవరం వైపు)

ఆ ఆదివారం నేను ఇంటి దగ్గరే ఉంటాను. ఆరు గంటలకు ఒడ్డున కనిపిస్తాను. నిన్న సాయంత్రం ఎగువ మూలలో తల మీద రెండు నల్లచారలున్న బూడిదరంగు బాతులు నాలుగు దిగాయి, పక్క పొలంలో గడ్డి మేస్తున్నాయి. మా నాన్నకు వాటి పేరు తెలియదు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అవి బార్ హెడెడ్ గూస్ అనే బాతులు అయి ఉండాలి. హిమాలయాలను దాటి వచ్చే బాతులవి. దయచేసి ఎవరూ పొలంలోకి వెళ్ళకండి, గట్టు దూరం నుంచే చూడండి. నేను శనివారం రాత్రికే ఒంగోలు వస్తున్నాను, దూరపు పక్షులను చూసే దుర్భిణి, స్పాటింగ్ స్కోపు, నా దగ్గర ఉంది. అమ్మాయికి ముందు చూసే వంతు ఇవ్వండి.